సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టుకు వేగంగా తెరుచుకునే, గోప్యతను కాపాడే స్టాటిక్ వెబ్‌సైటు: తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖపట్నంలో ఉద్యోగాలు చేసుకుంటూనో చదువుకుంటూనో, మిగిలిన సమయంలో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ రాస్తున్న చిన్న బృందాలు తమ ప్రాజెక్టుకు వెబ్‌సైటు పెట్టుకునేటప్పుడు అడిగే ప్రశ్నలకు ఇక్కడ సమాధానాలు ఇస్తున్నాము. ఉదాహరణకు గాజువాకలో ఒక బృందం కిరాణా కొట్ల బిల్లులు, అరువు ఖాతాలు రాసుకునే సాఫ్ట్‌వేర్ తయారుచేస్తోందని అనుకుందాం. దాన్ని వాడేవారు అనకాపల్లిలోనూ పాడేరులోనూ చిన్న కొట్లు నడుపుకునేవారు. వారి చేతిలో ఉన్నవి తక్కువ ధర ఫోన్లు. వేగమూ గోప్యతా రెండు వేర్వేరు పనులని చాలామంది అనుకుంటారు గానీ, పేజీ తెరిచినప్పుడు పాఠకుడి ఫోను మీ సర్వరును తప్ప మరెవరినీ సంప్రదించనవసరం లేకుండా చేస్తే ఆ రెండూ ఒక్క పనితోనే సమకూరుతాయని మేము గట్టిగా నమ్ముతున్నాము.

స్టాటిక్ వెబ్‌సైటు అంటే ఏమిటి? సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టుకు అది సరిపోతుందా?

పాఠకుడు అడిగిన ప్రతిసారీ డేటాబేసులో వెతికి పేజీని అప్పటికప్పుడు తయారుచేసే పద్ధతికి బదులు, పేజీలన్నింటినీ ముందుగానే హెచ్‌టీఎంఎల్ (వెబ్ పేజీలు రాసే భాష) ఫైళ్లుగా తయారుచేసి సర్వరులో ఉంచడమే స్టాటిక్ పద్ధతి. సర్వరుకు మిగిలే పని ఆ ఫైలును పంపడం ఒక్కటే. పరిచయం, డౌన్‌లోడ్, వాడుక పత్రాలు, విడుదల వివరాలు, లోపాలు తెలియజేసే మార్గం: సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు వెబ్‌సైటులో సాధారణంగా ఉండేవి ఇవే, వీటిలో ఏదీ ఒక పాఠకుడికి ఒకలా, మరొకరికి మరొకలా కనిపించవలసినది కాదు. కాబట్టి సరిపోతుంది. పైగా డేటాబేసు, లాగిన్ పేజీ, ప్లగిన్లు లేనందువల్ల దాడి చేసేవారికి దొరికే దారులూ బాగా తగ్గిపోతాయి.

ఏ జెనరేటరు ఎంచుకోవాలి?

మీరు రాసిన పాఠాన్ని ఇలా పేజీలుగా తయారుచేసే సాఫ్ట్‌వేరే జెనరేటరు. బృందంలో అందరికీ తెలిసిన ప్రోగ్రామింగ్ భాషలో ఉన్నదాన్ని ఎంచుకోండి. 2008లో వచ్చిన జెకిల్ రూబీ భాషలోది; 2013లో వచ్చిన హ్యూగో గో భాషలో రాసినది, ఒకే ఫైలుగా దొరుకుతుంది, వందల పేజీలనైనా చాలా త్వరగా తయారుచేస్తుంది. జోలా రస్ట్ భాషలోది, ఎలెవెంటీ జావాస్క్రిప్టులోది. పైథాన్ ప్రాజెక్టుల వాడుక పత్రాలకు స్ఫింక్స్, ఎంకేడాక్స్ వాడుకలో ఉన్నాయి. వీటిలో ఏది వాడినా చివరకు వచ్చేది హెచ్‌టీఎంఎల్ ఫైళ్లే గనుక, ఎంపిక మీద వారాల తరబడి వాదించుకోవలసిన పని లేదు. ఒక జాగ్రత్త మాత్రం తప్పనిసరి: జెనరేటరు ఏ వెర్షనుతో పేజీలు సరిగా తయారయ్యాయో ఆ సంఖ్యను రిపాజిటరీలోనే (ప్రాజెక్టు ఫైళ్లన్నీ ఉంచే చోట) రాసి ఉంచండి. రెండేళ్ల తరువాత కొత్తగా చేరిన విద్యార్థి ఒక అక్షరదోషం దిద్దబోతే, కొత్త వెర్షనులో పేజీల నమూనాలు (టెంప్లేట్లు) పనిచేయక ఆ చిన్న పని కాస్తా పెద్ద మరమ్మతుగా మారడం ఎక్కువగా ఈ కారణం వల్లనే జరుగుతుంది.

సర్వరు ఎక్కడ ఉన్నదన్నది విశాఖ పాఠకుడికి నిజంగా తేడా చేస్తుందా?

చేస్తుంది, ఎందుకో లెక్క వేసి చూడవచ్చు. ఆప్టికల్ ఫైబరులో కాంతి సెకనుకు సుమారు 2,00,000 కిలోమీటర్లు ప్రయాణిస్తుంది. విశాఖ నుంచి అమెరికాలోని వర్జీనియా సరళంగా కొలిచినా 13,000 కిలోమీటర్లకు పైగా ఉంటుంది; అంటే ఒక్కసారి వెళ్లి రావడానికి కాంతికే దాదాపు 130 మిల్లీసెకన్లు పడుతుంది, సముద్రగర్భ కేబుళ్లు తిరిగే దారి ఇంకా పొడవు గనుక వాస్తవంలో అంతకంటే ఎక్కువే అవుతుంది. పేజీ మొదటి బైటు రావడానికి ముందు టీసీపీ కనెక్షను కోసం ఒకసారి, టీఎల్‌ఎస్ 1.3 భద్రతా ఒప్పందం కోసం మరొకసారి, అసలు అభ్యర్థన కోసం ఇంకొకసారి వెళ్లి రావాలి. డొమైన్ పేరు వెతకడాన్ని పక్కన పెట్టినా, ఏమీ కనిపించకుండానే 400 మిల్లీసెకన్లు గడిచిపోతాయి. అదే సర్వరు హైదరాబాదులోనో ముంబైలోనో ఉంటే, కేబులు చుట్టుదారిలో వచ్చినా, ఆ మూడు ప్రయాణాలూ ఇందులో చిన్న వంతుతో పూర్తవుతాయి.

అయితే ఈ లెక్కలో మరింత ముఖ్యమైన విషయం ఒకటి ఉంది. పేజీలో మరో సంస్థ సర్వరు నుంచి ఫాంటు, ఇంకొక చోటి నుంచి స్క్రిప్టు, వేరొక చోటి నుంచి సందర్శకుల లెక్క తీసే కోడు తెప్పించుకుంటే, ప్రతి కొత్త సర్వరుతోనూ ఈ తతంగమంతా మళ్లీ మొదలవుతుంది. దగ్గరి సర్వరు తెచ్చిన లాభం అక్కడే హరించుకుపోతుంది. అరకు వెళ్లే రైలు సొరంగాల్లోకి దూరి బయటికి వస్తున్నప్పుడు మధ్యలో దొరికే కాసేపటి సిగ్నలులో మీ పేజీ తెరుచుకోవాలంటే, అది ఒకే సర్వరుతో, ఒకే కనెక్షనుతో పని ముగించుకోవాలి.

పేజీ ఎంత చిన్నగా ఉండాలి?

కొత్త కనెక్షను మీద సర్వరు అవతలివైపు నుంచి జవాబు కోసం ఆగకుండా మొదటి విడతలో పంపగలిగేది సాధారణంగా 10 ప్యాకెట్లు, అంటే సుమారు 14 కిలోబైట్లు. ఈ పరిమితిని 2013లో ఆర్‌ఎఫ్‌సీ 6928 అనే ఇంటర్నెట్ సాంకేతిక పత్రం సూచించింది. కుదించిన తరువాత హెచ్‌టీఎంఎల్, దానిలోనే పొందుపరిచిన సీఎస్‌ఎస్ (పేజీ రూపాన్ని నిర్ణయించే కోడు) కలిపి ఈ పరిమితిలో ఇమిడితే పేజీ ఒక్క విడతలోనే తెర మీదికి వస్తుంది. పరిచయ పేజీకీ డౌన్‌లోడ్ పేజీకీ ఈ నియమం పెట్టుకోండి. పొడవైన వాడుక పత్రాలకు పెట్టుకోనవసరం లేదు.

తెలుగులో రాసేవారికి ఇక్కడ ఒక సందేహం వస్తుంది. అక్షరాలను బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఇంగ్లిషు అక్షరానికి ఒక బైటు చాలు, తెలుగులో ప్రతి సంకేతానికీ (అక్షరం, గుణింతపు గుర్తు, పొల్లు, సున్నా ఒక్కొక్కటీ ఒక సంకేతం) మూడు బైట్లు కావాలి. 'విశాఖపట్నం' అనే మాటలో పది సంకేతాలు ఉన్నాయి కాబట్టి దానికి 30 బైట్లు పడతాయి. అందుచేత తెలుగు పేజీలు ఎప్పటికీ బరువుగానే ఉంటాయని నిరాశపడకండి. తెలుగు సంకేతాలన్నింటికీ మొదటి బైటు ఒక్కటే, రెండవ బైటు రెండింటిలో ఏదో ఒకటి. ఇలా పదేపదే వచ్చేవాటిని కుదించడంలో జీజిప్, బ్రోట్లీ పద్ధతులు ఆరితేరినవి. పేజీలు తయారుచేసేటప్పుడే కుదించిన ఫైళ్లను కూడా పక్కన ఉంచితే, సర్వరు ప్రతిసారీ ఆ శ్రమ పడనవసరం లేకుండా అత్యధిక స్థాయి కుదింపునే అందించగలుగుతుంది.

తెలుగు ఫాంటు పెట్టాలా? పెడితే ఎలా?

మొదట పెట్టకుండా చూడండి. ఆండ్రాయిడ్ ఫోన్లలో నోటో తెలుగు ఫాంటు, విండోస్‌లో ఎక్స్‌పీ కాలం నుంచి గౌతమి, విండోస్ 8 నుంచి నిర్మల యూఐ, ఆపిల్ పరికరాల్లో తెలుగు సంగం ఎంఎన్ వంటివి ముందే ఉన్నాయి. వాడుక పత్రాలు చదవడానికి ఇవి చాలు. పాఠకుడి పరికరంలో ఉన్న ఫాంటుకు డౌన్‌లోడూ లేదు, ఆలస్యమూ లేదు.

ప్రాజెక్టుకు ఒక ప్రత్యేకమైన రూపం కావాలనుకుంటే శీర్షికలకు మాత్రం రామభద్ర, మండలి వంటి ఓపెన్ లైసెన్సు ఫాంట్లను ఎంచుకుని, వాటిని వెబ్ కోసం కుదించిన డబ్ల్యూఓఎఫ్ఎఫ్2 రూపంలోకి మార్చి మీ సర్వరులోనే ఉంచండి. తెలుగు ఫాంటులో గుణింతాలకూ ఒత్తులకూ వేర్వేరు రూపాలు ఉంటాయి కాబట్టి అది లాటిన్ ఫాంటు కంటే పెద్దదిగా ఉంటుంది. అక్కరలేని అక్షరాలను తొలగించి ఫాంటును చిన్నది చేసేటప్పుడు రెండు విషయాలు మరువకూడదు. ఒకటి, అక్షరాలు కలిసే నియమాలుండే పట్టికలను తీసివేయకూడదు. తీసివేస్తే ఒత్తులు విడిపోయి పొల్లులతో కనిపిస్తాయి. రెండవది, 'సాఫ్ట్‌వేర్' వంటి మాటల్లో పొల్లు తరువాత వాడే కనిపించని విభజన సంకేతాన్ని ఫాంటులో ఉంచాలి. అది లేకపోతే కొన్ని బ్రౌజర్లు ఆ మాట మధ్యలో మరో ఫాంటుకు మారిపోయి చూడటానికి ఇబ్బంది కలిగిస్తాయి. ఇంగ్లిషులో మాత్రమే పరీక్షించే ఉపకరణాలు ఈ తప్పును పట్టుకోవు. తెలుగు చదవగలిగిన మనిషి కళ్లతో చూడవలసిందే.

వరుసల మధ్య ఎడం అక్షర పరిమాణానికి కనీసం 1.6 రెట్లు ఉంచండి, లేకపోతే 'స్త్రీ' వంటి అక్షరాల కింది ఒత్తు తరువాతి వరుసను తాకుతుంది. అక్షరాల మధ్య ఎడం పెంచే సీఎస్‌ఎస్ ఏర్పాటును తెలుగు మీద ప్రయోగించకండి. పేజీ భాష తెలుగని హెచ్‌టీఎంఎల్‌లో ప్రకటించండి. చూపులేనివారు వాడే తెర చదివే సాఫ్ట్‌వేర్ సరైన గొంతును ఎంచుకునేది దాని ఆధారంగానే.

ఫాంట్లను గూగుల్ సర్వరు నుంచి నేరుగా తెప్పించుకుంటే పాఠకుడి దగ్గర ముందే ఉండి వేగం పెరుగుతుంది కదా?

ఒకప్పుడు కొంతవరకు నిజం. ఇప్పుడు కాదు. ఒక వెబ్‌సైటు కోసం దింపుకున్న ఫైలును మరో వెబ్‌సైటుకు వాడనివ్వకుండా బ్రౌజర్లు తమ క్యాష్‌ను (దింపుకున్న ఫైళ్లు దాచుకునే చోటును) వెబ్‌సైటు వారీగా విడదీశాయి. క్రోమ్ 2020లోనూ ఫైర్‌ఫాక్స్ 2021లోనూ ఈ పద్ధతిలోకి వచ్చాయి, సఫారీ అంతకు చాలా ముందే వచ్చింది. ఇతర సైట్లలో ఏమేమి చూశారో క్యాష్ ఆధారంగా పసిగట్టే అవకాశాన్ని మూసివేయడానికే ఈ మార్పు చేశారు. కాబట్టి వేగం పేరుతో చెప్పే వాదన ఇక నిలవదు. గోప్యత విషయానికి వస్తే, పేజీ తెరిచిన ప్రతి పాఠకుడి ఐపీ చిరునామా మరో సంస్థకు చేరుతుంది. 2022 జనవరిలో మ్యూనిక్ ప్రాంతీయ న్యాయస్థానం సరిగ్గా ఈ కారణంతోనే ఒక వెబ్‌సైటు యజమాని పాఠకుడికి 100 యూరోల పరిహారం చెల్లించాలని తీర్పునిచ్చింది. ఫాంటు ఫైలును మన సర్వరులో పెట్టుకోవడానికి పట్టేది కొన్ని నిమిషాల పని.

సందర్శకుల సంఖ్య తెలియకుండా ప్రాజెక్టు ఎలా నడుస్తుంది?

మీకు నిజంగా తెలియవలసినది ఏమిటో ముందుగా అడిగి చూసుకోండి. ఎంతమంది డౌన్‌లోడ్ చేసుకున్నారో, ఏ వాడుక పత్రాన్ని ఎక్కువగా చదువుతున్నారో, ఏ చిరునామాకు వచ్చి పేజీ దొరకక వెనుదిరుగుతున్నారో తెలిస్తే ప్రాజెక్టుకు ఉపయోగం ఉంటుంది. ఒక మనిషి ఎక్కడి నుంచి వచ్చి, ఏ పేజీ మీద ఎంతసేపు ఉండి, ఎటు వెళ్లాడో తెలిసినందువల్ల కొట్ల బిల్లుల సాఫ్ట్‌వేర్ ఏ మాత్రమూ మెరుగుపడదు.

మొదటి మూడింటికీ సర్వరు లాగ్, అంటే వచ్చిన ప్రతి అభ్యర్థననూ సర్వరు నమోదు చేసుకునే ఫైలు చాలు. గోయాక్సెస్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఆ లాగ్‌ను చదివి నివేదిక తయారుచేస్తుంది, పాఠకుడి బ్రౌజరులో ఏ కోడూ నడవదు. లాగ్‌లోకి ఎక్కకముందే ఐపీవీ4 చిరునామాలో చివరి భాగాన్ని సున్నాగా మార్చండి. మన దేశంలో మొబైల్ కనెక్షన్లలో ఐపీవీ6 వాడకం విస్తారంగా ఉన్నందున దానిలోనూ మొదటి 48 బిట్లు మాత్రమే మిగల్చండి. పాత లాగ్‌లు వాటంతట అవే చెరిగిపోయే ఏర్పాటు చేయండి. వారం రోజులకు మించి ఉంచవలసిన అవసరం చిన్న ప్రాజెక్టులకు మాకైతే కనిపించలేదు. విడుదల ఫైళ్లు గిట్‌హబ్‌లో ఉంటే, ఒక్కో ఫైలును ఎన్నిసార్లు దింపుకున్నారో దాని ఏపీఐ (ప్రోగ్రాములు సమాచారం అడిగే మార్గం) ద్వారానే తెలుసుకోవచ్చు.

కుకీల అనుమతి అడిగే పెట్టె అవసరమా?

కుకీలు పెట్టకపోతే, పాఠకుడిని వెంబడించే కోడు లేకపోతే, ఆ పెట్టె అడగడానికి ఏమీ మిగలదు. అయినా గోప్యతా ప్రకటన మాత్రం తప్పక రాయండి, తెలుగులో రాయండి. మన దేశంలో 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం, ఒక వ్యక్తిని గుర్తించడానికి వీలు కల్పించే సమాచారాన్నంతటినీ వ్యక్తిగత డేటాగా నిర్వచించింది. లాగ్‌లో ఏమి నమోదవుతుంది, ఎన్నాళ్లు ఉంటుంది, ఎవరు చూడగలరు అన్న మూడు ప్రశ్నలకు సూటిగా జవాబిచ్చే రెండు పేరాలు చాలు. మరో సైటు నుంచి తీసి అతికించిన ప్రకటన మీరు చేయని పనులను కూడా చేస్తున్నట్టు చెబుతుంది.

ఉచిత హోస్టింగ్ మేలా, సొంత సర్వరు మేలా?

గిట్‌హబ్ పేజెస్ చిన్న ప్రాజెక్టుకు ఖర్చు లేకుండా బాగా పనిచేస్తుంది. సైటు 1 గిగాబైటుకు మించకూడదు, నెలకు 100 గిగాబైట్ల వాడకాన్ని అంత కఠినం కాని పరిమితిగా పెట్టారు. అయితే సందర్శకుల ఐపీ చిరునామాలను భద్రత కోసం నమోదు చేస్తామని దాని పత్రాల్లోనే ఉంది, ఆ లాగ్‌లు మీకు కనిపించవు, పేజీతో పాటు సర్వరు బ్రౌజరుకు పంపే సూచనలను (హెడర్లను) మీ ఇష్టప్రకారం మార్చుకునే వీలూ లేదు. నెట్లిఫై, క్లౌడ్‌ఫ్లేర్ పేజెస్ హెడర్లను మార్చుకోనిస్తాయి. ఏ సీడీఎన్ (పేజీల నకళ్లను చాలాచోట్ల ఉంచి పాఠకులకు అందించే సేవ) అయినా రహస్య సంకేతీకరణను తన దగ్గరే విప్పుతుంది గనుక, ఎవరు ఏ పేజీ చదివారో దానికి తెలుస్తుందన్న సంగతిని గోప్యతా ప్రకటనలో దాచకుండా చెప్పాలి.

బృందంలో లినక్స్ సర్వరు నిర్వహించగలవారు కనీసం ఇద్దరు ఉంటే, భారతదేశంలోని డేటా సెంటరులో చిన్న అద్దె సర్వరు తీసుకుని ఎన్‌జిన్ఎక్స్ గానీ క్యాడీ గానీ అనే వెబ్ సర్వరు సాఫ్ట్‌వేర్‌ను నడపడాన్ని మేము సమర్థిస్తాము. ఒక్కరే ఉంటే వద్దు. ఆ ఒక్కరికి పరీక్షలో పెళ్లో వచ్చినప్పుడు భద్రతా సవరణలు పెట్టేవారు ఉండరు.

హెడర్లు మీ చేతిలో ఉన్నచోట కంటెంట్ సెక్యూరిటీ పాలసీని, అంటే పేజీ ఎక్కడెక్కడి నుంచి ఫైళ్లు తెప్పించుకోవచ్చో చెప్పే హెడరును, మీ సొంత డొమైనుకే పరిమితం చేయండి. అప్పుడు ఎవరైనా పొరపాటున పేజీలో బయటి స్క్రిప్టు చేర్చినా బ్రౌజరే దాన్ని అడ్డుకుంటుంది. గోప్యత కోసం ఇచ్చిన మాట నిలబడటం మనుషుల జ్ఞాపకం మీద ఆధారపడనవసరం లేదు.

హెచ్‌టీటీపీఎస్ సర్టిఫికేటు సంగతి?

సైటుకూ పాఠకుడికీ మధ్య సమాచారం రహస్యంగా సాగడానికి కావలసిన ఈ సర్టిఫికేటును లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ ఉచితంగా ఇస్తుంది, 90 రోజులు చెల్లుతుంది. గడువు దగ్గరపడుతోందని ఈమెయిల్ పంపే పద్ధతిని ఆ సంస్థ 2025లో ఆపివేసింది. పైగా 2029 మార్చి నుంచి ఏ సంస్థ ఇచ్చిన సర్టిఫికేటయినా 47 రోజులకు మించి చెల్లకూడదని బ్రౌజర్లు, సర్టిఫికేట్ సంస్థలు కలిసి నిర్ణయించాయి. చేతితో మార్చుకునే పద్ధతిని ఇప్పుడే వదిలిపెట్టండి. క్యాడీ ఈ పనిని తనంతట తానే చేస్తుంది.

సైటులో వెతికే సౌకర్యం సర్వరు లేకుండా ఎలా?

పేజ్‌ఫైండ్ వంటి సాధనం పేజీలు తయారైన తరువాత సూచికను చిన్నచిన్న ముక్కలుగా తయారుచేస్తుంది. పాఠకుడు టైపు చేసిన మాటకు కావలసిన ముక్కలే బ్రౌజరుకు వస్తాయి, వెతికిన మాట మీ సర్వరుకు గానీ మరొకరికి గానీ వెళ్లదు. తెలుగులో మాత్రం 'బిల్లు', 'బిల్లును', 'బిల్లులో', 'బిల్లుల' అన్నవి యంత్రానికి నాలుగు వేర్వేరు మాటలు. మాట మొదటి భాగం కలిసినా ఫలితాలు చూపేలా అమర్చి, ముఖ్యమైన పేజీలకు పాఠకులు వాడే మాటలను కీలకపదాలుగా చేర్చండి. కొట్టు నడిపేవారు 'ఇన్‌వాయిస్' అని వెతకరు, 'చీటీ' అని వెతుకుతారు.

పేజీల చిరునామాలు తెలుగు లిపిలో ఉంచవచ్చా?

ఉంచవచ్చు గానీ మేము సలహా ఇవ్వము. చిరునామాను కాపీ చేసి వాట్సాప్‌లో అతికించినప్పుడు చాలాచోట్ల ప్రతి బైటూ శాతం గుర్తుతో మూడు అక్షరాలుగా మారుతుంది. 'విశాఖపట్నం' అన్న ఒక్క మాట 90 అక్షరాల గజిబిజి అవుతుంది. చూసినవారు అది మోసపు లింకేమోనని అనుమానించి తెరవరు. శీర్షిక తెలుగులో, చిరునామా చిన్న రోమన్ అక్షరాల్లో ఉంచండి. ఒకసారి ప్రకటించిన చిరునామాను మార్చకండి. మార్చక తప్పకపోతే పాతదాని నుంచి కొత్తదానికి దారి మళ్లించండి.

డౌన్‌లోడ్ చేసే ఫైలు అసలుదేనని వాడేవారు ఎలా నమ్మాలి?

ఫైలు పక్కన ఎస్‌హెచ్‌ఏ-256 సంఖ్య (ఫైలులో ఏ కొంచెం మారినా మారిపోయే సారాంశ సంఖ్య) పెట్టడం మంచిదే, కానీ సైటులోకి చొరబడిన దుండగుడు ఫైలుతో పాటు ఆ సంఖ్యనూ మార్చగలడు. అందువల్ల ప్రతి విడుదలను మినీసైన్ లేదా గ్నూపీజీ అనే సాధనంతో డిజిటల్ సంతకం చేసి, సంతకపు రహస్య తాళాన్ని సర్వరు మీద ఎప్పుడూ ఉంచకండి. సాఫ్ట్‌వేరులో ప్రమాదకరమైన లోపం కనుగొన్నవారు ఎవరికి చెప్పాలో తెలిపే సెక్యూరిటీ టెక్స్ట్ ఫైలును 2022లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 9116 ప్రకారం పెట్టండి. అందులో సంప్రదించే మార్గంతో పాటు గడువు తేదీ రాయడం కూడా తప్పనిసరి.

విరాళాలు, వీడియోలు ఎలా పెట్టాలి?

విరాళాలకు యూపీఐ క్యూఆర్‌ను మీ కంప్యూటరులోనే తయారుచేసి బొమ్మగా పెట్టండి. చెల్లింపు సంస్థల స్క్రిప్టు అక్కరలేదు. ఫోనులో చదువుతున్నవారు తమ తెర మీది క్యూఆర్‌ను అదే ఫోనుతో స్కాన్ చేయడం కష్టం కాబట్టి యూపీఐ ఐడీని అక్షరాల్లోనూ ఇవ్వండి. డబ్బు పంపబోయేవారికి ఖాతాదారు పేరు కనిపిస్తుంది, అందుచేత ఎవరి వ్యక్తిగత ఖాతానో కాక ప్రాజెక్టు కోసం వేరుగా తెరిచిన ఖాతాను వాడటం మేలు. వీడియోను పేజీలో పొదగకుండా, మీ సర్వరులోని ఒక బొమ్మ మీద లింకు ఇస్తే, నొక్కినవారు మాత్రమే ఆ సైటుకు వెళతారు.

బ్రౌజరు పాత పేజీనే చూపుతోంది, ఏం చేయాలి?

సీఎస్‌ఎస్, ఫాంటు, బొమ్మల ఫైళ్ల పేర్లలో వాటి సారాంశ సంఖ్యను చేర్చి, ఒక సంవత్సరం పాటు అంటే 3,15,36,000 సెకన్లు దాచుకోమని హెడరు ద్వారా బ్రౌజరుకు చెప్పండి. హెచ్‌టీఎంఎల్ పేజీలను మాత్రం ప్రతిసారీ సర్వరుతో సరిచూసుకోమనండి. ఫైలు మారితే పేరూ మారుతుంది కనుక పాతది కనిపించే సమస్య ఉండదు.

తుపాను వచ్చి బృందమంతా ఆన్‌లైన్‌కు దూరమైతే సైటు ఏమవుతుంది?

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటిన తరువాత విశాఖలో కరెంటు, ఫోన్లు రోజుల తరబడి లేవు. సర్వరు ఊళ్లోనే ఎవరి ఇంట్లోనో ఉంటే సైటు కూడా అన్నాళ్లూ ఆగిపోతుంది, అందుకే ఇంట్లో సర్వరు పెట్టుకోవద్దని మేము అంటాము. సర్వరు వేరే ఊళ్లో ఉంటే స్టాటిక్ సైటు ఎవరూ ముట్టుకోకపోయినా నెలల తరబడి నడుస్తుంది. దాన్ని ఆపగలిగేవి మూడు: డొమైన్ గడువు, హోస్టింగ్ బకాయి, ఎవరికీ తెలియని పాస్‌వర్డు. డొమైనును వీలైనన్ని ఎక్కువ సంవత్సరాలకు ఒకేసారి నమోదు చేయించండి. రిజిస్ట్రారు (డొమైను నమోదు చేసే సంస్థ) ఖాతాకు రెండంచెల ధ్రువీకరణ పెట్టి, దాని అత్యవసర సంకేతాలను వేర్వేరు ఊళ్లలో ఉండే ఇద్దరి దగ్గర కాగితం మీద ఉంచండి. రిపాజిటరీ నకలు మరో సేవలోనూ, ఒక హార్డ్ డిస్కులోనూ ఉండాలి. ఆ నకలు నుంచి కొత్త సర్వరు మీద సైటును మళ్లీ నిలబెట్టే విధానాన్ని ఒక పేజీలో రాసి, తుపానుల కాలం మొదలయ్యేలోగా, అంటే అక్టోబరుకు ముందే, ఆ పేజీని రాయనివారి చేత ఒకసారి చేయించి చూడండి.